తీగలేని మాట తెగే వేళ

గత ఉగాదినాడు మా అమ్మ గుడివాడ దగ్గరి మా పల్లెనుండి వీడియో కాల్‌లో మాకు పంచాంగం చదివి వినిపిస్తున్నది. మేము బీదరులో పచ్చడి గిన్నెలు చేతబట్టుకొని సెల్‌ఫోను ముందు వరుసగా కూర్చున్నాము. ఒక్కొక్క రాశీ దాటి నా రాశి వచ్చినది. "ఆదాయం అయిదు" అన్నదామె. అంతే, తెర మీద ఆమె ముఖం తెరచిన నోటితో నిలిచిపోయి, నడుమ ఒక చక్రం తిరగసాగినది. వ్యయమెంతో ఆనాడు నాకు తెలియనే లేదు. మా ఆవిడ మాత్రం "అది పంచాంగం చెప్పాలా?" అన్నది.

నవ్వుకొని ఊరుకొనేదే గాని, ఈ తెగుడు ఉగాది ఒక్కనాటిది కాదు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. బడిలో కన్నడం, ఇంగ్లీషు, హిందీ నేర్పుతారు, తెలుగు లేదు. ఇది మనలో చాలా ఇళ్ళలో ఉన్న సంగతే. అందుచేత ప్రతి సాయంత్రం నానమ్మ సెల్‌ఫోనులో దానికి గుణింతాలు, వేమన పద్యాలు చెప్పేటట్లు ఏర్పాటు చేసుకొన్నాము. సరిగ్గా పాఠం రుచిలో పడేసరికి మాట తెగుతుంది. మళ్ళీ కలిపితే మళ్ళీ తెగుతుంది. ఒకనాడు మా అమ్మ నెమ్మదిగా, "ఒరే నాయనా, మీకు విసుగ్గా ఉంటే చెప్పండిరా, నేనేమీ అనుకోను" అన్నది. మేమే కట్ చేస్తున్నామని ఆమె ఇన్నాళ్ళుగా అనుకొంటున్నదన్నమాట! ఇక్కడ పిల్లదేమో తాను ఒత్తులు తప్పు పలికినందుకు నానమ్మకు కోపం వచ్చి ఫోను పెట్టేసినదని మనసులో పెట్టుకొన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ జబ్బు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొని తీరవలెనని అప్పుడే అనుకొన్నాను. నేను చదివినది మెట్రిక్కు, ఇంజనీరును కాను. కాని రైల్వే గుమాస్తాకు రిజిస్టరు రాయడం వచ్చును. ఆ విద్యే చివరకు పనికివచ్చినది.

మనవాళ్ళందరూ మొదట చేసే వైద్యం ఒకటే. రూటరు ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయడం. దీన్ని చూసి చదువుకొన్నవారు నవ్వుతారు గాని, తీగలేని వార్తకు ఇంతకన్న పాత వైద్యం లేదు. 1890 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు బ్రాన్లీ ఒక గాజు గొట్టంలో లోహపు రజను పోసి, దగ్గరలో విద్యుత్ మెరుపు పుడితే ఆ రజను విద్యుత్తును తనగుండా పోనిస్తున్నదని కనుగొన్నాడు. తరంగం వచ్చినట్లు తెలిపే సాధనం అది. అయితే ఒకసారి తరంగం తగిలిన తరువాత రజను అతుక్కొని అలాగే ఉండిపోతుంది. రెండవ వార్త తెలియదు. గొట్టాన్ని తట్టితేనే మళ్ళీ మామూలవుతుంది. 1894లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి దాన్ని తట్టడానికి ఒక యంత్రపు ఏర్పాటే చేసినాడు. మరుసటి ఏడు 1895లో కలకత్తాలో మన జగదీశ్ చంద్ర బోసుగారు గోడలు దాటించి తరంగాలను పంపి, అవతల గంట మోగించి, మందుగుండు పేల్చి జనాన్ని నివ్వెరపరచినారు. ఆయన ఈ తట్టే బెడద మీదనే పనిచేసి, పాదరసంతో తనంతట తానే తేరుకొనే సాధనాన్ని 1899లో లోకానికి తెలిపినారు. 1901లో మార్కోని అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం అందుకొన్నానని చెప్పినప్పుడు ఆయన దగ్గర ఉన్నదీ పాదరసంతో పనిచేసే అటువంటి పరికరమే. కాబట్టి మనం రూటరును ఆపి వేయడం లాడ్జిగారి తట్టుడుకు మనుమడు వంటిది. లేచి కూర్చుంటుంది, నిజమే. ఎందుకు పడుకొన్నదో మాత్రం చెప్పదు.

నేనూ రెండు నెలలు ఆ తట్టుడుతోనే గడిపి, తక్కిన కోపమంతా ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీ మీద పెట్టినాను. పేరు చెప్పను, ఏలననగా తరువాత తేలినదానిని బట్టి తప్పు వారిది కాదు. వారి కుర్రవాడొకడు మూడవసారి వచ్చినప్పుడు ఏమీ విప్పకుండా గోడకున్న బాక్సు చూపించి, "సార్, తెగినప్పుడు ఇక్కడ రెడ్ లైట్ వెలిగిందా?" అని అడిగినాడు. నేను చూడనే లేదు. ఆ సాయంత్రం కాచుకొని చూచినాను. మాట తెగినది, ఎర్ర దీపం వెలగలేదు. అనగా వీధినుండి మా గోడవరకు గాజుపోగులో వెలుగు నిక్షేపంగా వస్తున్నది. పోయేది ఆ తరువాతనే.

ఇది చూచి నాకు మన శాఖలోని పెద్దలు చెప్పే టెలిగ్రాఫు కథలు జ్ఞాపకం వచ్చినవి. మన దేశంలో తంతి వేసినవాడు ఓషానెస్సీ అనే డాక్టరు. 1839లో కలకత్తాలో ప్రయోగం చేసి, 1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరు దాకా లైను నడిపించినాడు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు కలిసినవి. ఫిబ్రవరిలో ప్రజలకు తెరచినారు. స్తంభాలను చెదలు తినేవి, తీగల మీద కోతులు ఊగేవి, గాలివానకు తీగలు తెగేవి. వందల మైళ్ళ తీగలో తెగిన చోటు ఎక్కడని వెతుకుతారు? నడుమ ఒక ఆఫీసులో తీగ విడదీసి, ఇటు పలుకుతున్నదా, అటు పలుకుతున్నదా అని చూచేవారు. పలకని వైపును మళ్ళీ సగం చేసేవారు. అట్లా సగం, సగంలో సగం చేసుకొంటూ పోతే లైన్‌మన్ నిచ్చెన వేయవలసిన స్తంభం దొరుకుతుంది. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసినది గాని ఆ పద్ధతికి ముగింపు లేదు.

ఇంట్లోనూ అంతే. వీధినుండి బాక్సు వరకు ఒక ఖండం. బాక్సునుండి రూటరు, దాని కరెంటు అడాప్టరు, ఇదొక ఖండం. రూటరునుండి చేతిలోని ఫోను వరకు గాలిలో మూడవది. రెండవదాన్ని చూడడానికి మా బావమరిది లాప్‌టాపును తీగతో రూటరుకు తగిలించి, దాని మీద సినిమా పాటలు పెట్టినాము. ఫోనులో నానమ్మ నిలిచిపోయినప్పుడు కూడా లాప్‌టాపులో పాట ఆగలేదు. ఇక దొంగ గాలిలోనే ఉన్నాడు.

గాలిలో మాట వచ్చిపోవడం మా ఇంటికి కొత్త కాదు. మా తాతగారు ఈ బీదరు లైనులోనే పనిచేసినారు. ఈ ఊరు అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలోది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరినది. రైలు మాత్రం ఇప్పటికీ సికింద్రాబాదు డివిజనుదే. అందుకే మనబోటివారు ఇంతమంది ఇక్కడ తేలినాము. నిజాం కాలంలో హైదరాబాదులో 1935లో ప్రసారం మొదలుపెట్టిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. కాని కృష్ణా జిల్లా మనిషికి విజయవాడ వినవలెనని ఉంటుంది గదా. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. తాతగారు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి, దూలం నుండి వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టి, రాత్రి తొమ్మిదింటికి వాల్వు సెట్టు ముందు కూర్చొనేవారట. పగలు విజయవాడ వినబడదు. చీకటి పడితే అందుతుంది. అందీ అందకుండా కెరటంలాగ లేస్తూ పడుతూ వస్తుంది. హరికథ మంచి పట్టులో ఉండగా మునిగిపోతుంది. తాతగారు సెట్టును ఒక దెబ్బ వేసేవారట. మళ్ళీ లాడ్జిగారే!

కారణమేమిటంటే, ఆకాశంలో చాలా ఎత్తున విద్యుత్ కణాల పొరలు కలవు. 1924లో ఆపిల్టన్ అనే ఆయన వీటిని రుజువు చేసినాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. పగటిపూట కింది పొర మీడియం తరంగాలను మింగివేస్తుంది. రాత్రి ఆ పొర చెదరిపోగా పై పొర వాటిని అద్దంలాగ కిందికి తిప్పి పంపుతుంది. అయితే ఒకే పాట రెండు మూడు దారుల్లో వస్తుంది. ఒక దారి కొంచెం పొడుగు. రెండు కెరటాలూ ఒకదానిమీద ఒకటి పడి ఒకసారి బలిసిపోతాయి, ఒకసారి చల్లారిపోతాయి. తాతగారి హరికథ మునిగినది అందులోనే.

ఇదే చిక్కు గదిలోని వైఫైకి కూడా ఉన్నది. రూటరు వేసిన తరంగం గోడకు, బీరువాకు, ఫ్రిజ్జుకు తగిలి పది దారుల్లో ఫోనును చేరుతుంది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ విజ్ఞాన సంస్థలో జాన్ ఓసల్లివాన్ బృందం దీనికి ఉపాయం కనిపెట్టినది. వేగంగా ఒకే దారిని పోవలసిన సమాచారాన్ని అనేక సన్నని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను నెమ్మదిగా పంపడం ఆ ఉపాయంలో ముఖ్యాంశం. ప్రతిధ్వని వచ్చినా పాయకు తట్టుకొనే వ్యవధి ఉంటుంది. 1996లో అమెరికాలో పేటెంటు వచ్చినది. ఆ ఓసల్లివాన్ అంతకు ముందు నక్షత్రలోకంలో పేలిపోయే కృష్ణబిలాల సంకేతాల కోసం వెతికినవాడు. అవి దొరకలేదు. ఆ వెతుకులాటలో పదునెక్కిన గణితం మాత్రం మన వసారాల్లోకి వచ్చినది.

ప్రతిధ్వని బాధ ఇలా తగ్గినా గోడ బాధ తగ్గలేదు. బీదరు పాతఊరి గోడ సంగతి మీకు చెప్పవలసిన పని లేదు. ఎర్రరాయి, రెండడుగుల మందం, వానాకాలంలో తేమ. బహమనీ సుల్తానులు 15వ శతాబ్దంలో దీనితోనే కోట కట్టుకొన్నారు. ఫిరంగికే లొంగకూడదని కట్టే రాయి మన రూటరుకు లొంగుతుందా? పైగా నేను ఆ రూటరును తీగ కనబడకుండా ఉంటుందని గోడగూటిలో పెట్టి, ముందు ఇనుప బీరువా నిలబెట్టినాను. ఇది నా తెలివి.

ఇక గుంపు సంగతి. ఒంటి లైను మీద పూర్వం రెండు స్టేషన్ల నడుమ ఒక్క రైలే పోవాలి గనుక టోకెను గుండు ఉండేది. డ్రైవరు చేతిలో గుండు లేనిదే బండి కదలదు. వైఫైకి అటువంటి గుండు లేదు. 1971లో హవాయి ద్వీపాల విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ తదితరులు అలోహా అనే ఏర్పాటు చేసినారు. ఏ ద్వీపంలోని యంత్రమైనా తనకు తోచినప్పుడు మాట పంపవచ్చు. రెండు మాటలు గుద్దుకొంటే ఇద్దరూ కొంతసేపు, ఒక్కొక్కరు ఒక్కొక్క వ్యవధి ఆగి, మళ్ళీ పంపాలి. ఎంత బాగా నడిచినా దారి సామర్థ్యంలో నూటికి 18 పాళ్ళకు మించి ఉపయోగపడదని లెక్క తేలినది. వైఫై దానికి వారసురాలు, కొంచెం మర్యాద నేర్చినది. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. అయినా సాయంత్రం ఏడు తరువాత వీధిలో ఇరవై ఇళ్ళు ఒకేసారి సీరియళ్ళు, ఆటలు పెడితే వినడానికే పొద్దు చాలదు. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో చానళ్ళు పదమూడు కనబడతాయి గాని, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోదగినవి 1, 6, 11 మూడే. సెల్‌ఫోనులో చూసే ఉపాయం ఒకటి మా బావమరిది చూపినాడు. మా వరుసలో తొమ్మిది ఇళ్ళు ఆరవ చానలు మీదే కూర్చున్నవి, మాతో కలిపి!

లైసెన్సు మాట ముందు వచ్చినది గనుక ఒకటి చెప్పి సాగుతాను. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం తాతగారు ఉత్త వినే పెట్టెకు కూడా అనుమతి తీసుకోవలసి వచ్చినది. మనం ఇంట్లో వినడమే కాదు, ప్రసారమే చేస్తున్నాము, అడిగేవాడు లేడు. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు తీసివేసినందువల్లనే ఇది సాధ్యమైనది. ఉచిత సత్రం గనుక జనం ఎక్కువ.

చానలు మార్చినాను. కొంత మేలు కలిగినది. కాని తెగుడు పూర్తిగా పోలేదు. అప్పుడు మొదలుపెట్టినాను రిజిస్టరు. కంట్రోలు చార్టు మాదిరి గీతలు గీసి, తేదీ, తెగిన నిమిషం, తిరిగి అతికిన నిమిషం, ఇంట్లో ఎవరు ఎక్కడున్నారు అని రాసుకొన్నాను. ఇరవై రెండు రోజులు రాసినాను. తెగుళ్ళన్నీ ఏడు నలభై, ఎనిమిదింబావు మధ్య. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చుట్టుపక్కలవాళ్ళు మా ఊరి విమానదళపు శిక్షణ విమానాల మీద నేరం మోపుతారు. నా రిజిస్టరులో విమానం మోత విన్న వేళకూ తెగిన వేళకూ పొత్తు కుదరలేదు. నేను పట్టీ ముందు వేసుకొని తల గోక్కొంటుంటే మా ఆవిడ భుజం మీదుగా చూచి, "శనివారాలు ఖాళీగా ఉన్నాయేం?" అన్నది. నిజమే, మూడు శనివారాలూ ఖాళీ. "శనివారం మనం ఉపవాసం గదా, రాత్రి అన్నం కూరలు వేడి చెయ్యను" అన్నది. ఇద్దరమూ ఒక్కసారే వంటింటి వైపు చూచినాము. బోనసు డబ్బులతో కొన్న మైక్రోవేవ్ అక్కడున్నది. రూటరు గూటికీ, పిల్ల కూర్చొని చదువుకొనే మూలకూ సరిగ్గా నడుమ.

ఇది ఎట్లా జరిగినదో చరిత్ర చెబుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం చేసిన మాగ్నెట్రాన్ గొట్టం దగ్గర పనిచేస్తూ, 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి కరగడం గమనించి, ఈ పొయ్యి కనిపెట్టినాడు. 1947లో అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూడి తరంగాలను పంచుకొన్నప్పుడు, వార్తలకు కాక పరిశ్రమలకు, వైద్యానికి, వేడికి కొన్ని పట్టీలు విడిచిపెట్టినారు. వాటిలో 2,450 మెగాహెర్ట్జులు, తాతగారి మాటలో మెగాసైకిళ్ళు, పొయ్యికి దక్కినది. ఆ చోట వార్తలు నడపడం దండగ అని చాలాకాలం ఎవరూ అటు పోలేదు. 1985లో అమెరికా ప్రభుత్వం, అక్కడి రొదను ఓర్చుకొంటామనేవారు లైసెన్సు లేకుండా వార్తలకు కూడా వాడుకోవచ్చునన్నది. 1997లో వైఫైకి మొదటి ప్రమాణం వచ్చినది. కాబట్టి వంటింట్లోకి మనమే అద్దెకు దిగినాము, పొయ్యి మన ఇంట్లోకి రాలేదు. పొయ్యిలో ఎనిమిది వందల వాట్లు, రూటరు పంపేది వాటులో పదవ వంతు వంటిది. తలుపు సందులో కారేది మనిషికి హాని చేయనంత కొద్దిపాటిదే అయినా, ఆ రూటరు గొంతును మింగడానికి చాలును.

నేను సిగ్గుపడనక్కరలేదని తరువాత తెలిసినది. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనేచోట పెద్ద రేడియో దూరదర్శిని కలదు. 1998నుండి దానికి ఒక వింత సంకేతం అప్పుడప్పుడు అందుతూ, పండితులను తికమకపెట్టినది. దానికి పెరిటాన్ అని పేరు కూడా పెట్టినారు. అవి ఎక్కువగా పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో వస్తున్నవని వేళల పట్టీ చెప్పినది. 2015లో ఎమిలీ పెట్రాఫ్, ఆమె తోటివారు దొంగను పట్టినారు. అక్కడి సిబ్బంది అన్నం వేడి చేసుకొంటూ, గంట కొట్టకముందే మైక్రోవేవ్ తలుపు లాగుతున్నారట! అంతటివారికి పదిహేడేళ్ళు పట్టినది. మాకు ఇరవై రెండు రోజులు.

ఇక చేసిన మరమ్మతు చిన్నది. రూటరును గూటిలోనుండి తీసి, హాలు నడుమ గుమ్మం పైన మేకు కొట్టి పెట్టినాను. మన చౌబారా ఊరి నడిబొడ్డున 70 అడుగుల పైచిలుకు ఎత్తున నిలబడి నాలుగు బజార్లనూ చూస్తుంది గదా, కావలివాడిని గూటిలో దాచరు. పిల్ల ఫోనును 5 గిగాహెర్ట్జుల పట్టీకి మార్చినాము. పొయ్యి రొద అక్కడికి రాదు, చానళ్ళు ఎక్కువ. అయితే ఎర్రరాతి గోడకు అది ఇంకా బెదురుతుంది. వెనుక గదిలో ఉత్త చుక్కే మిగిలినది. కనుక పాఠం హాల్లోకి మారినది. అన్నం వేడి చేయడం పాఠం తరువాతకు మారినది. ఆ పట్టీలో కొంత భాగాన్ని వాతావరణ రాడార్లు కూడా వాడుతవి. రాడారు వినబడితే రూటరు ఆ చానలు విడిచి తప్పుకోవలెనని చాలా దేశాల్లో నియమం. అట్లా ఎక్కడైనా నిమిషంపాటు ఆగితే కంగారుపడనక్కరలేదు.

ఇప్పటికీ నెలలో రెండు మూడుసార్లు తెగుతుంది. రిజిస్టరు చూస్తే అవి మా వైపువి కావు. పల్లెలో కరెంటు పోయిన వేళలు, గాలివాన వేళలు. నాలుగు వందల కిలోమీటర్ల అవతలి ఆ ఖండం మీద నాకు అధికారం లేదు. అమ్మకు మాత్రం అంతా విడమరచి చెప్పినాను. పొయ్యి మాట విని ఆమె చాలాసేపు నవ్వి, "అయితే నా పాఠం మీ కూరలో ఉడికిందన్నమాట" అన్నది. పిల్ల ఆ మాట బడిలో కూడా చెప్పుకొన్నది.

ఒక చిక్కు మిగిలినది. తెగగానే ఆమె ఇటు చేస్తుంది, మేము అటు చేస్తాము. రెండూ గుద్దుకొని ఇద్దరికీ బిజీ వస్తుంది. హవాయి ద్వీపాల వాళ్ళ గొడవే. దానికి మేము ఒక ఒప్పందం చేసుకొన్నాము. తెగితే నానమ్మ ఏమీ నొక్కకుండా కూర్చొంటుంది, చేసేది మేమే. ఉగాదినాడు లోకమంతా ఒకేసారి ఇళ్ళకు ఫోన్లు చేస్తుంది గనుక, ఈసారి పంచాంగం ఉదయం ఆరున్నరకే పెట్టుకోమని అమ్మతో చెప్పినాను. నా రాశి వ్యయం ముందు చదవమన్నాను.